పాయింట్లు నీవి, శాలువా మాది

మెడలో కొత్తగా విజిల్ వేసుకున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకో సంగతి ముందే చెప్పేస్తాను. కబడ్డీ కోర్టు పక్కన కుర్చీలో కూర్చుని స్కోరు రాసే మనిషిని ఎవరూ చూడరు. ఫొటోల్లో ఆమె మోచెయ్యి మాత్రం పడుతుంది. ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ముప్ఫై ఏళ్ళు పీఈటీగా పిల్లల్ని పరిగెత్తించాను. సెలవు రోజుల్లో మా కబడ్డీ సంఘానికి స్కోరర్‌గా పనిచేశాను. నా మోచెయ్యి పడ్డ ఫొటోలు మా ఇంట్లో పదకొండు ఉన్నాయి. మావారు వచ్చినవాళ్ళకి వాటిని చూపించి "ఇదిగో, ఇది మా ఆవిడ" అని పరిచయం చేస్తారు. నవ్వుకోండి, నాకేం! నేను రాసిన షీటు మీద ఇచ్చిన ఫిర్యాదు ఒక్కటి కూడా నిలబడలేదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

స్కోరర్‌గా నాకు నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఒక నియమం చెప్పారు. షీటు మీద వైట్‌నర్ పూయకూడదు, బ్లేడుతో గీకకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. గీత కింద ఉన్న తప్పు చదవడానికి వీలుగా ఉండాలి. "నువ్వు తప్పు రాశావన్నది కూడా ఆ రోజు జరిగిన సంగతే కదమ్మా, దాన్ని ఎందుకు దాస్తావు?" అనేవారు. సర్వీసు మొత్తంలో నాకు అన్నం పెట్టిన మాట అది. ఇంత మంచి మాట నేర్చుకున్నదాన్ని నేనే ఎలా బోల్తా పడ్డానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అతన్ని నేను మొదటిసారి చూసినప్పుడు పదిహేడేళ్ళవాడు. నల్గొండ వైపు ఊరి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన ఆటోడ్రైవరు కొడుకు. మనిషి సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు కానీ, కూతకి వెళ్ళాడంటే అవతలి ఏడుగురికీ చెమటలు పట్టేవి. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో ఒక ఫైనల్ జరిగింది. మన జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆఖరి కూత, అవతల నలుగురు. లోపలికి వెళ్ళి ఇద్దరిని తాకాడు. తాకిన ఇద్దరూ కాళ్ళకి చుట్టుకున్నారు, మూడోవాడు వచ్చి నడుము పట్టేశాడు. ఇక అయిపోయిందనుకుని సగం జనం లేచి నిలబడ్డారు. అతను ఆ ముగ్గురినీ ఈడ్చుకుంటూ, బోర్లా పడి, వేళ్ళ చివర్లతో మధ్యగీత అందుకున్నాడు. మూడు పాయింట్లు, మనం ఒక్క పాయింటుతో గెలిచాం. ఆ మూడు నేను లేచి నిలబడే రాశాను. షీటు మీద ఆ మూడు అంకె ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంటుంది. తర్వాత అతను దేశం తరఫున కూడా ఆడాడు. నా ఎదుట అంత గొప్ప రైడరు మరొకడు రాలేదు. ఇది ఇప్పుడూ ఒప్పుకుంటాను, రేపూ ఒప్పుకుంటాను.

అతను పెళ్ళి చేసుకున్నది నా శిష్యురాలిని. నా బడిలో ఎనిమిదో తరగతి నుంచి ఆడిన పిల్ల. ఎడమ కార్నర్‌లో నిలబడేది. రైడరు కాలు ఇలా లోపల పెట్టాడో లేదో, చీలమండ రెండు చేతులా పట్టేసేది. పట్టిందంటే ఉడుంపట్టే. రాష్ట్ర జట్టుకి మూడేళ్ళు ఆడింది. ఆ మ్యాచ్‌ల షీట్లు కూడా నేనే రాశాను. పెళ్ళికి సంఘమంతా తరలి వెళ్ళాం. ఇద్దరికీ కోచ్ ఒక్కరే. ఆయన ఆ రోజు పెళ్ళికొడుకు తండ్రి కంటే ఎక్కువ హడావిడి చేశాడు. వీళ్ళకి పుట్టే పిల్లలు కూత పెడుతూనే పుడతారని మేమంతా ఏడిపించాం.

నాలుగేళ్ళకి అతను తాగుడు మరిగి, ఒక సాయంత్రం ఇంట్లో ఆమెను కొట్టి, ఎడమ మణికట్టు విరగ్గొట్టాడు. అది మొదటిసారి కాదని మాకు తర్వాత తెలిసింది. మలక్‌పేట దవాఖానాలో కట్టు కట్టారు కానీ, ఉంగరం వేలూ చిటికెన వేలూ మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. అంతటితో ఆమె ఆట ఆగిపోయింది. కోర్టులో అతను నేరం ఒప్పుకున్నాడు. జైలుశిక్ష పడింది, అనుభవించాడు, విడాకులయ్యాయి. ఆమె మీర్‌పేట్‌లో పుట్టింటికి దగ్గర్లోనే ఇల్లు తీసుకుని, సిటీ బస్సులో కండక్టరుగా చేరింది.

నా రిటైర్మెంటుకి కొన్ని నెలల ముందు మా సంఘం కొత్తపేటలో సొంత హాలు కట్టుకుంది. హాల్లో ఒక గోడ మీద రాష్ట్రానికి మూడేళ్ళు, ఆపైన ఆడిన వాళ్ళ పేర్లు, వాళ్ళ మ్యాచ్‌లు, పాయింట్లతో సహా రాతిపలక మీద చెక్కించాలని అనుకున్నారు. ప్రారంభం రోజున అదే జాబితాలోని వాళ్ళందరికీ వేదిక మీద శాలువా, సన్మానం. ఎంపికకి ముగ్గురం: కార్యదర్శి, కోచ్, నేను. ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క ఫారం, పేరు ప్రతిపాదించేవాళ్ళు తెచ్చి ఇవ్వాలి. అందులో మ్యాచ్‌లు, పాయింట్లు, చివర్లో "ప్రవర్తన" అని ఒక గడి.

ఆ గడి గురించి మీకు చెప్పాలి. టోర్నమెంటు ఎంట్రీలైనా, బడి సర్టిఫికెట్లయినా, మనం అందరం ఆ గడిని ముందే నింపేస్తాం. కట్ట ముందు పెట్టుకుని వరసగా "సంతృప్తికరం, సంతృప్తికరం" అని రాసుకుంటూ పోతాం. పేర్లు తర్వాత వేస్తాం. రిఫరీ చెంప మీద కొట్టినవాడికి కూడా సంతృప్తికరమే రాసిన చరిత్ర మనది. నేనూ అదే చేశాను. నలభై ఫారాల్లో కూర్చున్న పట్టునే ఆ గడులు నింపి, ఆ తర్వాత తీరిగ్గా పాయింట్లు చూసి రాయడం మొదలుపెట్టాను. అతని పాయింట్లు మాత్రం మూడుసార్లు సరిచూసుకున్నాను. వాటి కింద ఉన్న గడి వంక కన్నెత్తి చూడలేదు.

ఫారాలు చూసిన కార్యదర్శి నాకు ఫోన్ చేశాడు. మనిషి మెత్తన, గొడవంటే గిట్టదు.

"మేడంగారూ, అతని ప్రవర్తన సంతృప్తికరం అని రాశారేంటండీ? మీ చేతిరాతే కదా?"

పొరపాటైందని చెప్పాను.

"పొరపాటు సంగతి అలా ఉంచండి. అసలు మనకెందుకండీ ఈ తలనొప్పి? పేపరువాళ్ళు వస్తారు. ఫారం చించేద్దాం, పలక మీద పేరే లేకుండా చేసేద్దాం. ఆ ఫైనల్ ఫొటోలో కూడా అతని వైపు కాస్త కత్తిరిస్తే సరి."

"మరి ఆ ఫైనల్ ఎవరు గెలిపించారని రాద్దామండీ? నేనా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే కోచ్ మా ఇంటికి వచ్చాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"చెల్లె, పేరు తీసేస్తరంట గద? ఆట ఆటనే, ఇల్లు ఇల్లే. మొగుడుగ ఆడు ఖరాబే, నేను కాదంటలేను. గని రైడర్‌గ ఆని లెక్క ఎవ్వడన్న ఉన్నడా? పేరు ఉండాలె, శాలువా గూడ కప్పాలె. లేకుంటె నేను గా ఫంక్షన్‌కే రాను."

ఒకరు మొత్తం చెరిపేద్దామంటారు, ఒకరు మొత్తం కప్పేద్దామంటారు. నాకేమో నిద్ర పట్టలేదు. అడగవలసిన మనిషిని ఎవరం అడగలేదనిపించింది. మర్నాడు మీర్‌పేట్ వెళ్ళి, ఆమె డ్యూటీలో ఉన్న బస్సే చూసుకుని ఎక్కాను.

ఆడవాళ్ళకి టికెట్ ఉచితం కదా, ఆధార్ కార్డు చూపించాను. నన్ను చూసి "మేడం!" అని నవ్వి, జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. మెషీన్ కుడిచేతిలో ఉంది, ఎడమచెయ్యి సంచి మీద ఆనించి పెట్టుకుంది. జనం కిక్కిరిసి ఉన్నారు. "అన్నా, ముందటికి జరుగుండ్రి, లోపల జాగ ఉన్నది" అని అరుస్తూనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం బస్సు ఖాళీ అయ్యాక గానీ నా సీటు దగ్గరికి రాలేదు. నేను విషయం చెప్పాను. అతని పేరు పలక మీద ఉండాలా, వద్దా, శాలువా కప్పాలా, వద్దా, నువ్వు ఏం చెబితే అదే నా మాట అన్నాను. నేనేదో పెద్ద న్యాయం చేస్తున్నట్టే అన్నాను.

ఆమె ముఖం బిగుసుకుపోయింది.

"వాని సంగతి నన్నెందుకడుగుతున్నరు మేడం? ఠాణల అడిగిన్రు, కోర్టుల అడిగిన్రు, పెద్దమనుషులు ఇంటికొచ్చి అడిగిన్రు. ఇప్పుడు మీరు బస్సెక్కి వచ్చిన్రు. గది మీరు చేసే పని. నా మీద పెట్టకుండ్రి."

"అది కాదమ్మా, నీకు బాధ కలగకూడదని..."

"నాకైన బాధ నాకు తెల్సు. చెప్పమంటె చెప్తున్న, ఇనుండ్రి. గా ఆఖరి కూత నేను స్టేడియంల కూసుండి కండ్లార చూసిన. తీసేస్తె అబద్ధమైతది, తీసెయ్యకుండ్రి. మంచోడని గూడ రాయకుండ్రి, అదీ అబద్ధమే. ఇంకేం చెప్పాలె?"

మూసారాంబాగ్ దగ్గర నలుగురు ఎక్కారు. వెళ్ళి వాళ్ళకి టికెట్లు కొట్టి, మళ్ళీ నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఈసారి గొంతు తగ్గించింది.

"మేడం, నేను ఒకటి అడుగుత. ఎన్ని ఫారాలు నింపిన్రు?"

"నలభై."

"నాదేది?"

చేతిలోని జీరో టికెట్‌ని మడతలు పెట్టాను.

"మూడేండ్లు ఆడిన గద మేడం. షీట్లు మీరే రాసిన్రు. నా చెయ్యి ఇరిగిందని ఆడింది గూడ పోయిందా?"

మలక్‌పేట స్టాపులో దిగిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎనిమిదో తరగతిలో కోర్టులో నిలబెట్టిందాన్ని నేను. పట్టు పట్టడం నేర్పిందాన్ని నేను. ఆమె పట్టిన ప్రతి కాలుకీ పాయింటు రాసిందాన్ని నేను. నిన్నటి నుంచీ అతని పేరు ఉంచాలా, తీయాలా అని ముగ్గురం తలలు బద్దలు కొట్టుకుంటున్నాం. ఆమె పేరు లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఆమె మా లెక్కలో ఎప్పుడో ఆటగత్తె కాకుండా పోయింది, అతని కేసులో సాక్షిగా మిగిలింది. ఫారం ఎవరో ఒకరు తెచ్చి ఇవ్వాలి, ఆమెది ఎవరూ తేలేదు కాబట్టి రాయలేదని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే నా మనసుకే నచ్చలేదు. ఇంటికి వెళ్ళగానే పాత ట్రంకు పెట్టె దించి, ఆ మూడేళ్ళ షీట్లు బయటికి తీశాను.

ఆఖరి సమావేశం రోజున కొత్త హాల్లో సున్నం వాసన ఇంకా పోలేదు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురం కూర్చున్నాం. కార్యదర్శి ముందుజాగ్రత్తగా వైట్‌నర్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"అది లోపల పెట్టండి. నా తప్పు నేను దిద్దుకుంటాను" అన్నాను.

అతని ఫారం తీసుకుని, "సంతృప్తికరం" మీద ఒకే గీత గీశాను. పక్కన "భార్యను గాయపరిచిన నేరానికి కోర్టు శిక్ష వేసింది. సన్మానానికి సిఫారసు చేయడం లేదు" అని రాసి సంతకం పెట్టాను. పాయింట్ల గడి ముట్టుకోలేదు. పలక మీద పేరు, పాయింట్లు ఉంటాయి. వేదిక మీద శాలువా ఉండదు. పలక స్కోరు షీటు లాంటిది, జరిగింది రాయాలి. శాలువా అలా కాదు. దాన్ని కప్పేటప్పుడు పిల్లల వైపు తిరిగి, ఇదిగో, మీరూ ఇలా ఉండండి అని చెబుతున్నట్టు. ఇదే చెప్పాను.

కార్యదర్శి "పేరుంటే గొడవే కదండీ" అని నసిగాడు. కోచ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"గిదేంది చెల్లె, పిలిచి ఇజ్జత్ తీసినట్టే గద! ఆడు శిక్ష పడ్డడు, అనుభవించిండు. ఇంకెన్నిసార్లు కొడ్తరు ఆన్ని?"

"అన్నగారూ, ఇంకో ఫారం ఉంది. అది కూడా చూసి వెళ్ళండి" అని రెండోది ఆయన ముందు పెట్టాను. ఆమెది. మూడేళ్ళ మ్యాచ్‌లు, పట్టిన పట్లు, అన్నీ షీట్లు చూసి నింపాను. ప్రవర్తన గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. మళ్ళీ అలవాటుగా రాయడానికి నాకు భయం వేసింది.

ఆయన నిలబడే చదివాడు. చదివి, మళ్ళీ కూర్చున్నాడు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని అన్నాడు:

"గీ పిల్లకు గూడ నేనే గద నేర్పింది. ఆని ఫారం నేనే ఉరికొచ్చి ఇచ్చిన. గీమెది ఎందుకు తేలే నేను?"

నేనేం చెబుతాను, నాదీ అదే పాపమాయె. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది. చివరికి ఆయన నా పెన్ను తీసుకుని, ఆ ఖాళీ గడిలో పెద్ద పెద్ద అక్షరాలతో "మేమే సరిగ్గ లేము" అని రాశాడు. కార్యదర్శి కంగారుపడిపోయి, అలా రాయకూడదండీ, అది ఆమె గడి అన్నాడు. నేను దాని మీద ఒక గీత గీసి, పక్కన "ఉత్తమం" అని రాసి సంతకం పెట్టాను. గీత కింద ఆయన మాట ఇప్పటికీ చదవచ్చు. రెండు ఫారాల మీదా ముగ్గురం సంతకాలు చేశాం.

వారం తిరక్కుండానే అతను మా బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తాగి లేడు. కాస్త లావెక్కాడు, జుట్టు నెరిసింది. పిల్లలు గుర్తుపట్టి చుట్టూ మూగుతుంటే లోపలికి పంపేశాను.

"మేడం, నా పాయింట్లు నాయి గావా?" అన్నాడు.

"నీవే. ఒక్కటీ తగ్గించలేదు. నువ్వు తెచ్చుకున్నవి, నీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు. శాలువా అలా కాదు నాయనా. అది మేమిచ్చేది. మాకు ఇవ్వాలనిపించలేదు."

"జైల్ల ఉండి వచ్చిన. ఇంకెన్ని దినాలు మేడం?"

అతనికి కూడా పదిహేడేళ్ళప్పటి నుంచి మంచినీళ్ళ సీసా అందించినదాన్ని. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎన్ని రోజులో నాకు తెలియదు. సర్కారు వేసిన శిక్ష అయిపోయింది, దాన్ని నేను మళ్ళీ తవ్వను. నువ్వు పిల్లలకి ఆట నేర్పుతానంటే అప్పుడు మాట్లాడదాం, అప్పుడు కూడా ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాను. ఆమెకి ఎప్పుడైనా తప్పయిందని చెప్పావా?"

"నా మొఖం చూడనంటది."

"అయితే చూపించకు. ఫంక్షన్ రోజున ఆమె వస్తోంది."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. ప్రారంభం రోజున రాలేదు. అది కూడా నేను రాసుకున్నాను. మంచిదైనా చెడ్డదైనా జరిగింది రాయాలి కదా.

ఆ రోజు మైకు నా చేతికిచ్చారు. పలక మీద పేర్లు నేనే చదివాను. అతని పేరు, మ్యాచ్‌లు, పాయింట్లు తడబడకుండా చదివాను. హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కొట్టలేదు. ఎవరినీ తప్పు పట్టలేం. నలభై ఒకటో పేరు ఆమెది, దాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. ఆమె డ్యూటీ మధ్యలో వచ్చింది, ఖాకీ యూనిఫాంలోనే వేదిక ఎక్కింది. కోచ్ శాలువా కప్పాడు. కప్పుతూ ఏదో అన్నాడు, ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్య ఏ మాట నడిచిందో నేను అడగలేదు.

దిగి వస్తుంటే మా బడి ఆడపిల్లలు చుట్టూ చేరారు. "అక్కా, ఒక్కసారి పట్టు చూపెట్టు" అని ప్రాణం తీశారు. చెయ్యి పనిచేయదే అంది. వాళ్ళు వింటేగా! అక్కడే కొత్త మ్యాట్ పరిచి ఉంది. శాలువా మడిచి నా ఒళ్ళో పడేసి, చెప్పులు విప్పి, ఎడమ కార్నర్‌కి వెళ్ళి నిలబడింది. మా బడిలో అందరికంటే చురుకైన పిల్ల కూత పెడుతూ లోపలికి వెళ్ళింది. అక్క కదా, చెయ్యి బాగోలేదు కదా అని కొంచెం నిర్లక్ష్యంగా కాలు ముందుకు చాపింది. ఆమె వంగింది. కుడిచేత్తో చీలమండ అందుకుని, ముడుచుకోని ఆ ఎడమచేతికి బదులు మోచేతి మడతలో ఆ కాలుని బిగించేసింది. పిల్ల గింజుకుంది, కూత ఆగిపోయింది, కాలు మాత్రం రాలేదు.

నా చేతిలో షీటు లేదు, పెన్ను లేదు. లేచి నిలబడి, హాలంతా వినబడేలా చెప్పాను: "డిఫెన్స్‌కి ఒక పాయింటు!"